ఇంటి మడి నిలిచింది.. దూరపు చెలకలు చేజారాయి
పన్నెండు ఛానళ్ల యజమాని రామోజీరావు కథ

పాలకుర్తి: అప్పు నెత్తిన పడ్డ రైతు ముందుగా ఇంటి ముందరి మడి జోలికి పోడు. పొలిమేర అవతలి దూరపు చెలకకు బేరం పెడతాడు. కళ్లెదుటి భూమి నిలిస్తే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చుననుకుంటాడు. పాలకుర్తి మండలంలో ఏ ఊరికి వెళ్లినా ఇటువంటి కథలు రెండు మూడు వినిపిస్తాయి. ఒకనాడు పన్నెండు టీవీ ఛానళ్లకు యజమాని అయిన చెరుకూరి రామోజీరావు విషయంలోనూ జరిగింది దాదాపు ఇదే. తేడా ఏమిటంటే, ఆయన చేజారిన చెలకలు బీహార్ నుంచి కర్ణాటక దాకా పరచుకొని ఉన్నాయి. చివరకు అవి చేతులు మారిన నాడు పలికిన ఖరీదు 2,053 కోట్ల రూపాయలు.

పొద్దున లేవగానే అన్నదాత, రాత్రి తొమ్మిది గంటలకు వార్తలు చూడటం ఏళ్ల తరబడి అలవాటైన పల్లెజనానికి ఈ సంగతి పెద్దగా తెలియదు. తెర మీద బొమ్మ మారలేదు. పేరు మారలేదు. కాబట్టి తెర వెనుక ఏం జరిగిందో ఎవరూ అడగలేదు.

వెదురు బొంగు మీది ఏంటెన్నా

టీవీకి యజమాని అంటూ ఒక మనిషి ఉండవచ్చునన్న ఊహే ఒకప్పుడు లేదు. టీవీ అంటే సర్కారుది. 1975-76లో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ చూపించిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పంటల సంగతులు, ఆరోగ్యం, బడిపిల్లల పాఠాలు అందులో ప్రసారమయ్యాయి. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో ప్రారంభమైంది. అయినా పల్లెల్లో టీవీ పెట్టె కనిపించడానికి మరో పదేళ్లు పట్టింది.

ఊరికి ఒకటో రెండో పెట్టెలు. పొడవాటి వెదురు బొంగుకు ఏంటెన్నా కట్టి డాబా మీద నిలబెట్టేవారు. గాలి వీస్తే బొమ్మ పోయేది. ఒకరు పైకెక్కి బొంగు తిప్పుతుంటే, కింద ఉన్నవారు "ఆ.. వచ్చింది.. పోయింది" అని కేకలు వేసేవారు. 1987, 88లలో ఆదివారం పొద్దున రామాయణం వేళకు ఊరంతా ఆ ఇంటి ముందే. అది హిందీలో ఉన్నా ఎవరికీ అడ్డం కాలేదు. తెలుగు కార్యక్రమాలకు మాత్రం దొరికేది రోజుకు కొద్ది గంటలే.

ఆ తర్వాత రోజులు చకచకా మారిపోయాయి. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని విదేశీ ఛానల్ నేరుగా చూపించింది. ఆ ఏడాదే స్టార్, మరుసటి ఏడు జీ వచ్చాయి. 1993లో తమిళంలో సన్, మలయాళంలో ఏషియానెట్ మొదలయ్యాయి. పట్నాల్లోనూ, ఆ వెనుకే మండల కేంద్రాల్లోనూ గొడుగు తిరగేసినట్టుండే పెద్ద డిష్‌లు వెలిశాయి. కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మీదుగా ఇంటింటికీ నల్లతీగ పాకింది. నెలనెలా డబ్బు వసూలు చేసే కేబుల్ ఆపరేటర్ ఊళ్లో కొత్త పెద్దమనిషి అయ్యాడు.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం చెల్లదన్నది దాని సారాంశం. క్రికెట్ ప్రసారాల తగాదాలో వచ్చిన తీర్పు ఇది. ప్రజల ఆస్తి అన్న మాట అయితే వచ్చింది గాని, ఆ ఆస్తిని వాడుకోవాలంటే కోట్ల పెట్టుబడి కావాలి. అంత పెట్టుబడి ఉన్నవారు తెలుగునాట వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

పెదపారుపూడి నుంచి ప్రస్థానం

రామోజీరావు 1936 నవంబరు 16న కృష్ణా జిల్లా పెదపారుపూడిలో రైతు కుటుంబంలో జన్మించారు. 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్ ప్రారంభించారు. 1969లో రైతుల కోసం అన్నదాత మాసపత్రిక పెట్టారు. దినపత్రిక కన్నా ముందు వ్యవసాయ పత్రిక పెట్టడం గమనించదగ్గ విషయం. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. పత్రికలన్నీ విజయవాడలోనో హైదరాబాద్‌లోనో అచ్చయి మధ్యాహ్నానికి విశాఖ చేరుతున్న రోజుల్లో, తెల్లవారేసరికి గుమ్మంలో పత్రిక పడేలా చేయడమే ఆయన వేసిన తొలి ఎత్తు.

రెండో ఎత్తు పల్లె వార్త. 1989లో జిల్లాకొక చిన్న పత్రిక ప్రధాన పత్రికతో కలిపి ఇవ్వడం మొదలయ్యాక చెరువు గండి, బడికి పంతులు లేకపోవడం, బోరు ఎండిపోవడం కూడా అచ్చుకెక్కాయి. మండలానికొక విలేకరి వచ్చాడు. కాగితం మీద వార్త రాసి, కవరులో పెట్టి, సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపే ఆ పద్ధతిని ఆ తరం వారు ఇప్పటికీ చెప్పుకుంటారు. తన ఊరి పేరు పత్రికలో చూసుకున్నవాడు పత్రిక కొంటాడన్నది ఇందులోని లెక్క. ఆ లెక్క తప్పలేదు. మిగతా పత్రికలన్నీ అదే దారి పట్టాయి.

ఈలోగా ప్రియ పచ్చళ్లు, విశాఖలో డాల్ఫిన్ హోటల్, 1983లో ఉషాకిరణ్ మూవీస్ వచ్చాయి. 1982, 83లలో ఎన్టీ రామారావు తెలుగుదేశం ప్రభంజనానికి ఈనాడు బాసటగా నిలిచింది. మిత్రులు, శత్రువులు ఇద్దరూ అప్పుడే ఏర్పడ్డారు.

1995 ఆగస్టు 27

సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఆరున్నర నెలలకు, 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు ప్రారంభమయ్యాయి. అదే ఏడాది జెమినీ కూడా వచ్చింది. అప్పట్లో ప్రైవేటు ఛానళ్లకు మన గడ్డ మీది నుంచి ఉపగ్రహానికి బొమ్మ పంపే అనుమతి లేదు. చాలా ఛానళ్లు టేపులను విమానంలో విదేశాలకు పంపి, అక్కడి నుంచి ఆకాశానికి ఎక్కించేవి. నిన్న జరిగిన సంగతి ఇవాళ చూడాలన్నా అదొక యాతన. 1998 తర్వాత గాని ఈ చిక్కు వీడలేదు.

ఈటీవీని నిలబెట్టింది సినిమా ఒక్కటే కాదు. పొద్దున్నే అన్నదాత కార్యక్రమంలో తోటి రైతు తన చేలో నిలబడి తన మాటల్లో సాగు సంగతి చెప్పాడు. శాస్త్రవేత్త మాట కన్నా పక్క జిల్లా రైతు మాటకే పల్లెలో విలువ ఎక్కువ. 1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నడిపిన పాడుతా తీయగా మొదలైంది. మారుమూల పిల్లల గొంతులు రాష్ట్రమంతా వినిపించాయి. బాపు, ముళ్లపూడి వెంకటరమణల భాగవతం సీరియల్ ఈటీవీలోనే వచ్చింది. భాగవతాన్ని తెలుగు చేసిన పోతన ఊరుగా పేరున్న బమ్మెర పాలకుర్తి మండలంలోనే ఉంది. అచ్చులోనూ, హరికథలోనూ విన్న కథ ఇంట్లో తెర మీదికి రావడం ఈ ప్రాంతం వారికి ప్రత్యేకంగా తోచడం సహజమే.

ఒకే ప్రాంగణంలో అన్ని భాషలు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రోడ్డులో, హయత్‌నగర్ దాటాక, గుట్టల నడుమ 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ వెలిసింది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. అందరూ చూడటానికి వెళ్లేది సినిమా సెట్లనే. కాని అక్కడ జరిగిన అసలు వింత టీవీది.

2000లో బంగ్లా, మరాఠీ, కన్నడ ఛానళ్లు మొదలయ్యాయి. 2001 ఆగస్టు 15న ఉర్దూ వచ్చింది. 2002లో గుజరాతీ, ఒరియా భాషల్లోనూ, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్, రాజస్థాన్ రాష్ట్రాలకు హిందీలోనూ ఛానళ్లు వచ్చాయి. ఒక్క ఏడాదిలో ఆరు! 2003 డిసెంబరు 28న తెలుగులో రెండోది, వార్తల కోసం ఈటీవీ2 వచ్చింది. మొత్తం పన్నెండు.

ఇవన్నీ నడిచింది ఫిల్మ్‌సిటీ నుంచే. పాట్నా, లక్నో, జైపూర్, కటక్ ప్రాంతాల కుర్రకారు వందల మంది హైదరాబాద్ వచ్చి పడ్డారు. బీహార్‌లోని ఒక బ్లాకు ఆఫీసు ముందు జరిగిన ధర్నా దృశ్యం వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి తెలంగాణ గుట్టల నడుమకు వచ్చేది. అక్కడ భోజ్‌పురి యాసలో మాట్లాడుకునే కుర్రాళ్లు దానికి వార్త రాసేవారు. చదివే అమ్మాయి కూడా అక్కడే. ఆకాశానికెక్కి తిరిగి బీహార్ పల్లెలోనే దిగేది. ఢిల్లీ ఛానళ్లు మంత్రులు, ఎంపీల చుట్టూ తిరుగుతున్న కాలంలో జిల్లా వార్తను తెరకెక్కించడం అక్కడి జనానికి కొత్త. 1989లో తెలుగు జిల్లాల్లో వేసిన ఎత్తే ఇది, వేషం మార్చుకుంది అంతే.

పాలకుర్తి వారికి ఈ భాషల సంగతి మరీ కొత్తదేమీ కాదు. ఎనిమిది వందల ఏళ్ల నాటి పాల్కురికి సోమనాథుడు తెలుగుతో పాటు కన్నడంలోనూ, సంస్కృతంలోనూ రచనలు చేశాడు. అయితే సోమనాథునికి కావలసింది గంటం, తాటాకు మాత్రమే. పన్నెండు ఛానళ్లకు ఉపగ్రహం కిరాయి, స్టూడియోలు, కెమెరాలు, వేల మందికి నెల జీతం కావాలి. మరాఠీ, బంగ్లా వంటి చోట్ల ముందే పాతుకున్న సంస్థలతో పోటీ. విత్తనం వేసిన నాడే పంట రాదు. అంత వేగంగా అన్ని చెలకలు దున్నడం సాహసమే గాని, ఎక్కడైనా ఒక్క దెబ్బ తగిలితే తట్టుకునే వెసులుబాటు ఉందా అన్నది వేరే మాట.

దెబ్బ వేరే వైపు నుంచి

దెబ్బ టీవీ వైపు నుంచి రాలేదు. ఇంటి మరో గది నుంచి వచ్చింది.

రామోజీరావు కుటుంబానికి మార్గదర్శి ఫైనాన్షియర్స్ అనే సంస్థ ఉండేది. ఇది చిట్‌ఫండ్ కంపెనీ కాదు, వేరు. ఉమ్మడి కుటుంబం పేరిట నడిచిన ఈ సంస్థ ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకుంది. ఇటువంటి సంస్థలు డిపాజిట్లు సేకరించడం రిజర్వ్ బ్యాంకు చట్టానికి విరుద్ధమంటూ 2006 నవంబరులో రాజమండ్రి ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్ కేంద్ర ఆర్థిక మంత్రికి ఫిర్యాదు చేశారు. డిపాజిట్ల మొత్తం సుమారు 2,600 కోట్ల రూపాయలు. అప్పుడు రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఉంది. ఆ ప్రభుత్వానికీ ఈనాడుకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే పరిస్థితి. ఇది పత్రిక నోరు నొక్కే ప్రయత్నమని ఒక వర్గం, చట్టం ఎవరికైనా ఒకటేనని మరో వర్గం వాదించాయి. తమపై ఏ డిపాజిటరూ ఫిర్యాదు చేయలేదన్నది సంస్థ మాట. ఏమైనా డిపాజిట్లు తిరిగి చెల్లించడానికి సంస్థ సిద్ధపడింది.

వేల కోట్లు ఒక్కసారిగా తిరిగి ఇవ్వడం ఎంతటి వారికైనా తలకు మించిన పనే. 2007 జనవరిలో అమెరికాకు చెందిన బ్లాక్‌స్టోన్ సంస్థ, ఈనాడును నడిపే ఉషోదయ ఎంటర్‌ప్రైజెస్‌లో 26 శాతం వాటా కోసం 27.5 కోట్ల డాలర్లు పెట్టడానికి ముందుకు వచ్చింది. ఢిల్లీలో అనుమతి ఆలస్యమై ఆ ఒప్పందం గట్టెక్కలేదు. ఆ తర్వాత స్వదేశీ పెట్టుబడిదారుల ద్వారా ఉషోదయలోకి డబ్బు వచ్చింది. డిపాజిట్ల చెల్లింపునకూ, ఈ పెట్టుబడికీ ముడి ఉందని రాజకీయ ప్రత్యర్థులు అన్నారు, వ్యాపార పత్రికలూ రాశాయి.

చేతులు మారిన వైనం

2012 జనవరిలో సంగతి బయటపడింది. ఈటీవీ ఛానళ్లలో రిలయన్స్ సంస్థకు పెట్టుబడి ద్వారా హక్కు ఉందనీ, దాన్ని ముంబై, ఢిల్లీ కేంద్రాలుగా ఛానళ్లు నడిపే టీవీ18 కొనుగోలు చేస్తుందనీ ప్రకటన వెలువడింది. అనుమతులు, లెక్కలు పూర్తయి 2014 జనవరిలో బేరం ముగిసింది.

ఎవరి పాలికి ఏం వచ్చిందో చూస్తే రైతు పంపకం లాగే ఉంటుంది. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్, రాజస్థాన్, ఉర్దూ.. ఈ అయిదు వార్తా ఛానళ్లూ నూటికి నూరు శాతం వెళ్లిపోయాయి. మరాఠీ, కన్నడ, బంగ్లా, గుజరాతీ, ఒరియా వినోద ఛానళ్లలో సగం వెళ్లింది. తెలుగు ఛానళ్లు రెండింట్లో 24.5 శాతం మాత్రమే వెళ్లింది. అంటే ఇంటి మడిలో నాలుగో వంతుకు కాస్త తక్కువ. గట్టు మీద అజమాయిషీ మాత్రం రామోజీరావుదే.

ఇంతకూ ఆ బేరంలో నష్టపోయిందెవరు? డిపాజిటర్ల డబ్బు తిరిగి వచ్చింది. ఉద్యోగులు చాలామంది కొత్త యజమాని కింద కొనసాగారు. కొన్నవారికి అన్ని రాష్ట్రాల్లో ఒకేసారి కాలు మోపే చోటు దొరికింది. కాని పల్లె వార్తను నమ్ముకొని హైదరాబాద్ నుంచి దేశమంతా అల్లిన ఆ అల్లిక మాత్రం అక్కడితో తెగిపోయింది. తెలుగువాడి చేతిలో అన్ని భాషల ఛానళ్లు అంతకు ముందు లేవు. 

కొద్ది కాలానికి పేర్లు కూడా పోయాయి. 2015లో మరాఠీ, కన్నడ తదితర వినోద ఛానళ్లు కలర్స్ అయ్యాయి. 2018 నాటికి హిందీ, ఉర్దూ వార్తా ఛానళ్లు న్యూస్18 అయ్యాయి. టీవీ18ను నడిపే నెట్‌వర్క్18 కూడా 2014లోనే రిలయన్స్ చేతికి వెళ్లింది. 2024 నవంబరులో కలర్స్ ఛానళ్లు స్టార్‌తో కలిసి జియోస్టార్ అనే ఒకే గొడుగు కిందికి చేరాయి.

మిగతా తెలుగు ఛానళ్ల యజమానుల సంగతీ ఇంతే. జెమినీ ఎన్నడో చెన్నైకి చెందిన సన్ వారి గూటికి చేరింది. జీ తెలుగు మొదటి నుంచీ ముంబై వారిదే. చిరంజీవి, నాగార్జున, నిమ్మగడ్డ ప్రసాద్ వంటి వారు నడిపిన మా టీవీని 2015లో స్టార్ కొనుగోలు చేసింది. పెద్ద వినోద ఛానళ్లు నాలుగింటిలో తెలుగు యజమాని మిగిలింది ఈటీవీ ఒక్కదానికే.

చివరి పదేళ్లు

దూరపు చెలకలు పోయాక రామోజీరావు ఇంటి మడిలోనే గట్లు వేసుకున్నారు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఈటీవీ2 స్థానంలో ఈటీవీ ఆంధ్రప్రదేశ్, ఈటీవీ తెలంగాణ వచ్చాయి. సినిమాలు, వంటలు, ఆరోగ్యం అంటూ చిన్న చిన్న ఛానళ్లు పెట్టారు. అమ్ముకున్న భాషల మీద మమకారం చావలేదేమో, 2019లో ఈటీవీ భారత్ పేరుతో 13 భాషల్లో సెల్‌ఫోన్ వార్తలు మొదలుపెట్టారు. ఈసారి ఉపగ్రహం కిరాయి అక్కర్లేదు.

2012 సెప్టెంబరులో చిన్న కుమారుడు సుమన్ కన్నుమూశారు. ఈటీవీ తొలినాళ్లలో బాధ్యతలు చూసి, సీరియళ్లు రాసి, తానే నటించిన సుమన్‌ను పల్లెల్లో ఆడవారు ఇప్పటికీ గుర్తు చేస్తారు. 2016లో రామోజీరావుకు పద్మవిభూషణ్ వచ్చింది. 2018 డిసెంబరు చివరి రోజున మార్గదర్శి కేసును హైకోర్టు కొట్టివేసింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి తిరిగి విచారించమంది. మరో రెండు నెలలకే, 2024 జూన్ 8న, 87 ఏళ్ల వయసులో ఆయన హైదరాబాద్‌లో మరణించారు. మరునాడు ఫిల్మ్‌సిటీలోనే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. బీహార్ కుర్రాళ్లు ఒకప్పుడు వార్తలు రాసిన ప్రాంగణమే అది.

పాలకుర్తిలోనూ టీవీ ముఖం మారిపోయింది. నల్లతీగ ఉన్న ఇళ్లు తగ్గాయి, గోడకు చిన్న డిష్‌లు వచ్చాయి. గ్రామాల్లోనూ పెట్టె లేనిదే బొమ్మ రాదన్న గడువు 2017 మార్చితో ముగిసింది. స్తంభాలెక్కిన కేబుల్ కుర్రాళ్లలో ఎందరో వేరే పని చూసుకున్నారు. 2016 నుంచి ఈ మండలం వరంగల్ జిల్లాలో లేదు, జనగామ జిల్లాలోకి వచ్చింది. ఈటీవీ వార్తల్లో ఊరి పేరు ముందు జిల్లా పేరు మారింది గాని, ఛానల్ పేరు అదే.

పక్కనున్న కొడకండ్ల ప్రాంతం నుంచి బతుకుదెరువుకు భివండి, షోలాపూర్, సూరత్ వెళ్లిన పద్మశాలీ కుటుంబాలకు మాత్రం తేడా కనిపిస్తుంది. అక్కడ పుట్టిన పిల్లలకు మరాఠీ, గుజరాతీ బాగా వచ్చు. ఒకప్పుడు మగ్గం ఆగాక పెద్దలు తెలుగు ఈటీవీ పెడితే, పిల్లలు మరాఠీ ఈటీవీకి తిప్పేవారు. రెండింటి మూలనా ఒకే గుర్తు ఉండేది. ఇప్పుడు బతుకమ్మకు ఊరికి వస్తే తాతలనాటి ఇంట్లో ఆ గుర్తు ఇంకా ఉంది. భివండి గదిలో మాత్రం అది మారి పదేళ్లు దాటింది.